ఎల్లమ్మకు మొక్కిన పొట్టేలు

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఈ రోజు అయిన పనులు: హన్మకొండ ఇంటికి తాళం వేసి పొద్దున్నే ఊరికి వచ్చాం. పెద్దింటి వంటసాల కడిగించాను. అటక మీది గుండిగలు దింపించి చింతపండుతో తోమించాను. పసుపు కొమ్ములు దంచడం సగమే అయింది. దేవుని అర్రకు సున్నం రేపు. పొట్టేలుకు స్నానం, కొమ్ములకు నూనె.

అత్తమ్మ తాళాల గుత్తి తెచ్చి నా నడుముకు దోపింది. పండుగ ముగిసేదాకా అది పెద్దకోడలి నడుము దిగకూడదు. గేటు, దేవుని అర్ర, బియ్యపు కొట్టు, అన్ని తాళంచెవులూ అందులోనే. పోయిన పండుగకు పడుకున్నప్పుడు కూడా తీయలేదు. ఒత్తుకుని తుంటి దగ్గర కమిలింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

కుమార్ గేటు దాకా ఎదురొచ్చాడు. "వదినా, నా పానం నీ పొట్టేలు మెడకు కట్టి ఉన్నది. జర జల్దీ తీర్చు" అని నవ్వాడు. నలభై దాటినా ఆ నవ్వు చిన్నప్పటిదే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మరిది బడికి పోయే పిల్లవాడు. నేను అన్నం కలిపి పెడితేనే తినేవాడు.

అతని భార్య రమ వంటసాలలో ఒంటి చేత్తో ఉల్లిగడ్డలు ఒలుస్తోంది. ఎడమ మణికట్టు వాచింది. స్నానాల గదిలో జారిందట. మణికట్టు చుట్టూ ఎర్రగా గీతలు. గాజులు ఒత్తుకుని ఉంటాయి. ఆ చేతికి గాజులు లేవు. పగిలి ఉంటాయి. పసుపు, నూనె కాచి పట్టించాను.

బాకీ: ఎల్లమ్మ మొక్కు. కరోనాలో కుమార్ ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు దవాఖాన మెట్ల మీద కూర్చుని మొక్కాను. బతికితే పొట్టేలును ఇస్తానని, తాడు నేనే పట్టుకుంటానని. వచ్చే ఆదివారం తీరుతుంది.


10 ఫిబ్రవరి, సోమవారం

దేవుని అర్రకు సున్నం అయింది. పసుపు దంచడం పూర్తి. విస్తర్లు వచ్చాయి. మట్టి కుండలు కుమ్మరి రేపు తెస్తానన్నాడు.

ఈ ఇంట్లో అమ్మకిచ్చే వేటను కొట్టవలసింది చిన్న కొడుకు. ఒక్క వేటుకు తల తెగాలి. మామగారు ఎప్పుడూ రెండో వేటు వేయలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కత్తి దించి కుమార్ పొద్దంతా నూరాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి అరటి చెట్లను నరకడం మొదలుపెట్టాడు. చేతికి వాటం రావాలట. ఒక్కొక్క బోదె నీళ్లు కారుకుంటూ కూలుతుంటే పనివాళ్లు చప్పట్లు కొట్టారు.

చెట్లు అయిపోయాక, తెగిన బోదె ఒకటి నిలబెట్టి పట్టుకోమని రమను పిలిచాడు. ఆమె మంచి చేత్తో పట్టుకుంది. కత్తి ఆమె చేతికి జానెడు పైన దిగింది. బోదె రసం ఆమె ముఖం మీద చిల్లింది.

"రేయ్ కుమార్, ఏందిరా ఇది?" అన్నాను.

"దీని భయం పోవాలె గద వదినా. ఇంకోటి పట్టవే."

నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అనుకుంటాను.

పొట్టేలును చూసుకునే ఎల్లస్వామి దాని కాలికి ముల్లు గుచ్చుకున్న సంగతి చెప్పలేదని కుమార్ అతన్ని చెంప మీద కొట్టాడు. ఎల్లస్వామి వయసు కుమార్ కంటే చాలా ఎక్కువ. పెదవి చిట్లింది. అతను ఆ నెత్తురు తుడుచుకుని పొట్టేలు కాలు కడిగాడు.

పొట్టేలుకు నానబెట్టిన శనగలు పెడుతూ పనిమనిషి యాకమ్మ అంది: "దొరసానీ, గిసొంటి మేత నా మొగనికి పెడితే వాడు గూడ కొమ్ములు మొలిపించుకుంటుండె."

బాకీ: ఎల్లమ్మ మొక్కు.


12 ఫిబ్రవరి

కుండలు వచ్చాయి. ఒకటి పగిలి ఉంది, వెనక్కి పంపాను. రమ అన్నం తినలేదు.


13 ఫిబ్రవరి, గురువారం

అరిసెల పాకం. బియ్యం ఎండబోశాం. ఆడబిడ్డలకు చీరలు సర్దాను. రమకు ఆకుపచ్చది, పొడుగు చేతుల రవికెతో.

పాకం తిప్పుతుంటే రమ పక్కన కూర్చుని చెప్పింది: "అక్కా, పండుగ కాంగనే స్టేషన్ ఘన్‌పూర్‌ల మా అన్న దగ్గరికి పోత. మళ్ల రాను."

"ఆదివారం దాక ఓర్చుకో" అన్నాను.

"నా చెయ్యి ఇరిగిందక్కా."

"వాపే. ఇరిగితే వేళ్లు కదలవు. కదిలియ్యి చూద్దాం."

రెండు కదిలాయి. కదులుతున్నాయి కదా అన్నాను.

అత్తమ్మ గడప మీద కూర్చుని అంతా విన్నది. తన కుడిచేతి చూపుడు వేలు ఎత్తి చూపించింది. ఆ వేలు మధ్యలో పక్కకు వంగి ఉంటుంది. "ఇగో, ఇది మీ మామ ఇచ్చిన సొమ్ము. పెండ్లయిన ఏడాదికే ఇచ్చిండు. నేను పోయిన్నా ఎక్కడికన్న? ఈ ఏలుతోనే ఇంతమందికి అన్నం పెట్టిన."

ఉంగరం చూపించినట్టు చూపించింది.

సాయంత్రం మా ఆయనకు రమ సంగతి చెప్పాను. ఇంట్లో విషయం పెద్ద కొడుకుకు తెలియకపోతే ఎలా. ఆయన ఎనుమాముల మార్కెట్ నుంచి అప్పుడే వచ్చారు, చొక్కా నిండా మిర్చి ఘాటు. "పండుగ కానీ" అన్నారు.

బాకీ: ఎల్లమ్మ మొక్కు.


15 ఫిబ్రవరి, శనివారం

పనులు: చుట్టాలందరికీ చాపలు, చెంబులు. బోనాల కుండలకు సున్నం, పసుపు బొట్లు. గేటు లోపలికి వచ్చిన బండ్లన్నీ గోడ వెంట పెట్టించాను. పొద్దు గూకక ముందే కట్టు పడింది.

ఎల్లమ్మ కొలువు చేసే బైండ్ల సారయ్య ఇంటి చుట్టూ పసుపు నీళ్లు చల్లుకుంటూ నడిచాడు. గేటు ముందు వేపమండలు పరిచి నిమ్మకాయ కోశాడు. నేను తాళం వేశాను. ఇక రేపు వేట అయి, నెత్తురు కలిపిన అన్నం ఇంటి చుట్టూ పొలి చల్లేదాకా లోపలివాళ్లు బయటకు పోవద్దు, బయటివాళ్లు లోపలికి రావద్దు. దాటితే ఇంటి మగవాళ్లకు కీడు. నేను వచ్చిన తర్వాత ఈ ఇంట్లో ఎవరూ దాటలేదు.

సారయ్య వాకిట్లో పట్నం వేయడం మొదలుపెట్టాడు. పసుపు, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడితో అమ్మవారి ముగ్గు. అంచు కలిపి జమిడిక అందుకున్నాడు. అప్పుడు కుమార్ రమను జుట్టు పట్టుకుని అర్రలో నుంచి వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"అన్న ఇంటికి పోతవా? ఎప్పటి సంది పెట్టుకున్నవే ఈ ప్లాన్?"

ఎవరు చెప్పారో తెలియదు. నేను ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పట్నం పక్కన పడేసి తన్నాడు. పొట్టలో, పక్కలో. ఆమె మోకాళ్లు ముడుచుకుని విరిగిన చేతిని పొట్ట కింద దాచుకుంది. కాలు తగిలిన చోట పట్నం అంచు చెదిరింది. సారయ్య జమిడిక ఆపాడు.

"ఎందుకు ఆపినవయ్యా? కొట్టు. పైసలు తీసుకున్నవు గద" అన్నాడు కుమార్.

సారయ్య మా ఆయన వైపు చూశాడు. ఆయన నేల చూశారు. సారయ్య మళ్లీ కొట్టాడు. జమిడిక మోతకు రమ అరుపులు వినబడలేదు. నోరు తెరిచి ఉండడం కనబడింది. చుట్టాలలో ఒక పెద్దామె అరిసె తుంపి నోట్లో వేసుకుంటూ, "దేవుని ముంగట ఏందో ఈ లొల్లి" అంది.

తర్వాత రమ నెత్తురు కక్కింది. ఎక్కువ కాదు. గుడ్డతో తుడిస్తే పోయేంత.

యాకమ్మ నా కొంగు పట్టుకుంది. "దొరసానీ, నీ కాల్మొక్త. తాళం తియ్యి. దవాఖానకు తోల్కపోదాం. పిల్ల సస్తది."

అత్తమ్మ అడ్డం వచ్చింది. "కట్టు పడ్డది. పొలి చల్లేదాక చీమ గూడ దాటొద్దు. నా కొడుకులకు ఏమన్న అయితే నువ్విస్తవా?"

ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు: "ఒక్క రాత్రే గద సుహాసినీ. పొద్దున చూద్దాం. పరువు."

రమ చాప మీద పడుకుని నా నడుము వైపే చూసింది. నా ముఖం వైపు కాదు. గుత్తి నడుముకే ఉంది.

గోరువెచ్చని పాలు తాగించాను. సగం నిలిచాయి.


16 ఫిబ్రవరి

వేట జరగలేదు. కుమార్ లేడు. గేటు తాళం పగిలింది, కొత్తది కొనాలి.


19 ఫిబ్రవరి, బుధవారం

పనులు: వాకిలి నాలుగోసారి కడిగించాను. బండల సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది. పోలీసులు వచ్చి అందరితో మాట్లాడి రాసుకుపోయారు. అందరూ ఒకటే చెప్పారు. అందరూ చూసిందే కాబట్టి. నేనూ అదే చెప్పాను. ఇక్కడ వరుసగా రాసి పెట్టుకుంటాను.

ఆదివారం బోనాలు ఎత్తాం. పొట్టేలును వాకిట్లోకి తెచ్చారు. మెడలో వేపమండలు, నుదుట కుంకుమ. మొక్కినది నేను కాబట్టి తాడు నా చేతికి ఇచ్చారు. సారయ్య దాని వీపు మీద నీళ్లు పోశాడు. నీళ్లు పడ్డాక ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దాన్నే జడ్తి ఇచ్చిందంటారు. దులపకపోతే కత్తి లేపకూడదు.

దులపలేదు.

ఇంకో చెంబు పోశాడు. చెవిలో పోశాడు. పొట్టేలు కదలకుండా నిలబడింది. ఉన్ని నుంచి నీళ్లు నా కాళ్ల మీద కారాయి. కుమార్ కత్తి భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ కల్లు తాగుతున్నాడు. జనం గుసగుసలు మొదలయ్యాయి.

"ఇంట్ల ఏదో తప్పున్నది" అన్నాడు సారయ్య. "ఒప్పుకోవాలె. ఎవరిదైతే వాళ్లు అమ్మకు మొక్కుండ్రి."

అత్తమ్మ వచ్చి మొక్కింది. మా ఆయన మొక్కారు. ఆడబిడ్డలు మొక్కారు. పొట్టేలు కళ్లు మూసుకుని నిలబడింది, నిద్రపోతున్నట్టు.

"తప్పు ఎవలదో నాకెరుక" అన్నాడు కుమార్.

రమ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆకుపచ్చ చీర నేనే కట్టాను. పెదవులు తెల్లగా ఉన్నాయి. కుమార్ ఆమెను జుట్టు పట్టుకుని లాక్కొచ్చి పొట్టేలు కాళ్ల దగ్గర పడేశాడు. "మొక్కు. ఇల్లు ఇడిచిపోతనన్న, తప్పయిందని మొక్కు."

ఆమె మొక్కలేదు. ఒక్క చేత్తో ఎలా మొక్కుతుంది.

అతను ఆమె ఎడమ చేతి మీద కాలు పెట్టి తొక్కాడు. ఎండిన పత్తికట్టె విరిగినట్టు చప్పుడు. ఈసారి జమిడిక మోగడం లేదు కాబట్టి అందరికీ వినబడింది.

అప్పుడు నేను మాట్లాడాను. గట్టిగా మాట్లాడానని యాకమ్మ అంటోంది. నాకు మెల్లగా అన్నట్టే గుర్తు.

"అమ్మా ఎల్లమ్మా. ఈ మొక్కు నాది. వీని పానం నిన్ను అడిగింది నేను. నాకు వద్దు. నీది నువ్వు తీసుకో."

పొట్టేలు ఒళ్లు దులిపింది. తల నుంచి తోక దాకా. నీళ్లు అందరి మీద చిల్లాయి.

"జడ్తిచ్చింది! జడ్తిచ్చింది!" అని వెనక ఉన్నవాళ్లు అరిచారు. వాళ్లకు నా మాట వినబడలేదు. సారయ్య చేయి అలవాటుకొద్దీ జమిడిక మీద పడింది. ముందు ఉన్నవాళ్లు మాత్రం అరవలేదు.

కుమార్ నా వైపు చూశాడు. "వదినా?" అన్నాడు. అన్నం గిన్నె లాక్కుంటే అన్నట్టు.

ఆ తర్వాత ముఖం మారింది. బూతు తిట్టాడు, అది ఇక్కడ రాయను. కత్తి రెండు చేతులతో పైకి లేపి వచ్చాడు. నా మీదికా, పొట్టేలు మీదికా అని పోలీసులు అడిగారు. పొట్టేలు మీదికే అని చెప్పాను. పొట్టేలు బెదిరి పక్కకు దూకింది. తాడు నా చేతిలో సర్రున జారి అరచేయి కోసుకుంది. కత్తి గాలిలో నుంచి దిగి ఆగడానికి ఏమీ దొరక్క అతని ఎడమ తొడలో దిగింది. ఒక్కటే వేటు.

కత్తి అతనే లాగేశాడు. నెత్తురు నీళ్లపంపు లాగా ఎగిరింది. పట్నం మీద పడింది, పసుపు, నలుపు, అన్నీ కలిసిపోయాయి. కూలబడ్డాడు. ఆయన తువ్వాలతో కట్టు కట్టారు, తువ్వాల నిలవలేదు.

"తాళం తియ్యే! గేటు తాళం! కారు తియ్యుండ్రి!" అత్తమ్మ రొమ్ము బాదుకుంది.

"కట్టున్నది గద అత్తమ్మా" అన్నాను.

"ఎవని కట్టే! నా కొడుకు పోతాండు!"

సరేనని తాళంచెవి కోసం వెతికాను. దేవుని అర్రలో చూశాను. వంటసాలలో గుండిగల వెనక చూశాను. అరిసెల డబ్బాలు జరిపి చూశాను. బియ్యపు కొట్టు తాళం తీసి లోపల కూడా చూశాను. అంత గందరగోళంలో వస్తువు ఎక్కడని దొరుకుతుంది.

నేను వచ్చేసరికి ఎల్లస్వామి గడ్డపారతో గేటు తాళం కొడుతున్నాడు. పాత తాళం, గట్టిది. పెదవి మీది గాయం మళ్లీ చిట్లి గడ్డం మీదికి కారుతోంది. తొందర లేకుండా, గురి చూసి కొట్టాడు. చాలాసేపటికి పగిలింది.

రమను నేనే లేపి కారు ముందు సీట్లో కూర్చోబెట్టాను. కుమార్‌ను వెనక పడుకోబెట్టారు. తల నా ఒడిలో పెట్టుకున్నాను. "చలి పెడ్తాంది వదినా" అన్నాడు. కొంగు కప్పాను. నర్సంపేట రాకముందే కళ్లు నిలిచిపోయాయి.

రమకు మణికట్టు ఎముకలు విరిగాయి, పక్కటెముకలు రెండు. లోపల వాపు ఉంది గానీ ప్రాణానికి భయం లేదన్నారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. వాళ్ల అన్న వచ్చి తీసుకుపోయాడు.

బాకీ:


24 ఫిబ్రవరి

బియ్యం కడిగించాను. ఎవరూ తినలేదు, అయినా వండాం. ఆయన నాతో మాట్లాడడం లేదు. ఎనుమాముల పోలేదు.

గాజుల గుర్తు. మొదటి రోజు రాసింది మళ్లీ చదివాను. అవి గాజుల గుర్తులు కావు.


27 ఫిబ్రవరి, గురువారం

పనులు: పన్నెండో దినం. వంటలు బయటివాళ్లతో చేయించాం. చాపలు, చెంబులు తిరిగి లెక్క చూసి పెట్టాను. గేటుకు కొత్త తాళం వచ్చింది.

కాకికి పెట్టిన ముద్ద కాకి ముట్టలేదు. ఆయన పిలిచారు. అత్తమ్మ ఏడుస్తూ పిలిచింది. కాకి గోడ మీద కూర్చుని చూసింది గానీ దిగలేదు. చివరికి నేను విస్తరి తీసుకుని నెయ్యి వేసి, పప్పు చారు వేసి, మెత్తగా కలిపి పెట్టాను. దిగి ముట్టింది. కొట్టంలోకి పోయి కాసేపు కూర్చుని వచ్చాను.

రమ వాళ్ల అన్నతో వచ్చింది. చేతికి సిమెంటు కట్టు. అత్తమ్మను చూసి కూడా తల దించలేదు. వంటసాలలో ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ దినం నువ్వు బియ్యపు కొట్టు తాళం తీసుడు నేను చూసిన."

నేను గిన్నెలు సర్దుతున్నాను.

"గుత్తి నీ నడుముకే ఉండె. గేటు చెవి గూడ అండ్లనే ఉండె."

"అన్నం తిన్నవా?" అన్నాను.

"ఇంక తినలె."

కలిపి పెట్టాను. ఒక్క చేత్తో తినడం ఇంకా అలవాటు కాలేదు, ముద్దలు చేసి ఇచ్చాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. పోయేటప్పుడు మంచి చేత్తో నా భుజం పట్టుకుంది.

సాయంత్రం అత్తమ్మ చేయి చాపింది. "గుత్తి ఇయ్యి."

నడుము నుంచి తీసి ఇచ్చాను. వంగిన వేలితో ఒక్కొక్క చెవిని పక్కకు జరుపుతూ చూసింది. పగిలిన తాళం చెవి దగ్గర వేలు ఆగింది. నా వైపు చూసింది. తర్వాత గుత్తి తన నడుముకు దోపుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.


28 ఫిబ్రవరి, శుక్రవారం

పనులు: గుండిగలు అటక ఎక్కించాం. మామగారి కత్తి పోలీసుల దగ్గరే ఉంది. పెరట్లో అరటి దుబ్బులకు కొత్త మొగ్గలు వచ్చాయి, నీళ్లు పెట్టించాను. రేపు హన్మకొండ.

సారయ్య వచ్చాడు. పొట్టేలు కొట్టంలో మేస్తుంటే దాని వైపు చూసి చూడనట్టు కూర్చున్నాడు.

"దొరసానీ, జడ్తిచ్చిన వేటను కొయ్యకుంట ఉంచిండ్రు. అమ్మ మొక్కు ఉన్నట్టా, తీరినట్టా? ఇంకో ఆదివారం పెట్టుకుందామా?"

"నువ్వు చెప్పు సారయ్యా. నువ్వే గద అమ్మ దిక్కు మాట్లాడేది."

గడ్డం గోక్కున్నాడు. "అమ్మ ఒప్పుకున్నది. ఒక పానం పోయింది. నాకింతే ఎరుక. లెక్కలు మీకు తెలుసు."

అతను పోయాక కొట్టంలోకి వెళ్లి పొట్టేలు మెడ తాడు విప్పాను. నా అరచేతి గాయం ఇంకా మానలేదు, ముడి రావడానికి ఇబ్బంది అయింది. విప్పినా అది కదలలేదు. వీపు మీద చెయ్యి వేస్తే ఒళ్లు దులిపింది. ఎల్లస్వామిని పిలిచి, తీసుకుపోయి మందలో కలుపుకోమన్నాను. ఎవరికీ అమ్మవద్దన్నాను, కోయవద్దన్నాను.

"పైసలు?" అన్నాడు.

వద్దన్నాను.

బాకీ: ఎల్లమ్మ మొక్కు. చెల్లింది.